దయచేసక్క రిటర్ను వేసింది

ఈ ఊళ్ళో ఆమె మాట వినని వాళ్ళు లేరు, ఆమె ఇంట్లో వాళ్ళు తప్ప.

బ్యాంకుకు ఫోన్ చేస్తే పలికేది ఆమే. ఆసుపత్రికి చేసినా ఆమే. పెద్ద బజారులో ఐదంతస్తుల బట్టల దుకాణం లిఫ్టులో "తలుపులు మూసుకుంటున్నాయి" అనేది ఆమే. తీరా తలుపులు మూసుకోకపోతే జనం తిట్టిపోసేదీ ఆమెనే. పదకొండేళ్ళుగా ఇదే పని. రోజుకు నూటయాభైసార్లు "దయచేసి" అంటుంది కనక వీధిలో అందరూ ఆమెను దయచేసక్క అంటారు. ఆ పేరు పెట్టిన ఎదురింటి దర్జీ వెక్కిరింతకే పెట్టాడు గాని, ఇప్పుడు దానికి తప్ప ఆమె పలకదు.

ఆమె పనిచేసే చోటు పడకగదిలో ఉన్న రెండు తలుపుల చెక్క బీరువా. వెనక చెక్కకు స్పాంజి అతికించింది, పక్కలకు పాత దుప్పట్లు వేలాడదీసింది. బట్టల హ్యాంగరుకు మైకు కట్టి, ముక్కాలి పీట మీద మోకాళ్ళు గడ్డానికి ఆనేలా కూర్చుని, తలుపులు లోపలినుంచి లాక్కుంటుంది. మూడు నిమిషాలకొకసారి తలుపు తీసి గాలి పీల్చుకుంటుంది. భర్తగారి చలికోటు జేబుల్లోని కలరా ఉండల ఘాటుకు తుమ్ము వస్తే ఆ వాక్యం మళ్ళీ మొదటికి. పక్కింటి కుక్కర్ కూత వేసినా మొదటికే. అలా ముక్కు మూసుకుని, ఊపిరి బిగబట్టి, "మీ సౌకర్యమే మాకు ముఖ్యం" అని చెబుతుంది.

పని ఇచ్చేది ఒక ఏజెన్సీ. దాని మేనేజరుకు రికార్డింగు అర్జెంటుగా కావలసినప్పుడు ఈమె "మా కుటుంబ సభ్యురాలు". జ్వరం వచ్చింది రెండు రోజులు ఆగండి అంటే మాత్రం, "మీరు మా ఉద్యోగి కాదు కదండీ, మీ ఇష్టం, వేరేవాళ్ళని చూసుకుంటాం." ఒకే మనిషి కుటుంబంలో ఉండి ఉద్యోగంలో లేకపోవడం ఎంత లాభమో కుటుంబాలు నడిపే వాళ్ళకు తెలుసు, కంపెనీలు నడిపే వాళ్ళకు ఇంకా బాగా తెలుసు.

ఇల్లు అద్దెది. ఇంటావిడ రిటైరైన హెడ్‌మిస్ట్రెస్, మేడ మీద మొదటి అంతస్తులో ఉంటుంది. ఆపైన డాబా మీద ఒక్క గది ఖాళీ అయింది. రోడ్డుకు దూరం, కుక్కర్లకు దూరం, కిటికీ ఒక్కటే. దయచేసక్క ఆ గదిని చూసి, లోపల నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టింది. ప్రతిధ్వని రాలేదు. అంతే, ఆ గది మీద మనసు పడిపోయింది.

"ఇస్తాను," అంది హెడ్‌మిస్ట్రెస్. "కింది ఇల్లు మీ ఆయన పేరున ఉంది. ఇది ఎవరి పేరున?"

"నా పేరునే మేడమ్."

"నువ్వేం పని చేస్తావని రాసుకోను?"

"ఫ్రీలాన్సు మేడమ్."

హెడ్‌మిస్ట్రెస్ ముఖం మాడిపోయింది. "ఇంతకుముందు ఒకాయన ఇదే మాట చెప్పి గదినిండా పాత టైర్లు నింపాడు. దోమలకు ప్రసూతి ఆసుపత్రి పెట్టాడు. మాటలొద్దమ్మా, కాగితం కావాలి. పనిచేస్తున్నట్టు ప్రభుత్వం ఒప్పుకున్న కాగితం. శనివారం సాయంత్రం ఐదు దాకా చూస్తాను. తర్వాత ట్యూషన్ మాస్టారుకి ఇచ్చేస్తాను. ఆయన అప్పుడే నల్లబల్లకు కొలతలు తీసుకెళ్ళాడు."

అప్పటికి బుధవారం.

ఏజెన్సీని అడిగితే మేనేజరు కంగారుపడ్డాడు. "మీరు మా దగ్గర పని చేస్తున్నట్టు కాగితమా? అమ్మో, అలా రాస్తే మీరు పని చేస్తున్నట్టు అవుతుందండీ!" అన్నాడు. చివరికి ఆయనే, "పన్ను రిటర్ను వేయండి, దాని రసీదు ఎవరైనా ఒప్పుకుంటారు," అని చెప్పి తప్పించుకున్నాడు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర విషయం చెప్పింది. భర్త నీటి సరఫరా ఆఫీసులో సీనియర్ గుమాస్తా. 'సీనియర్' అన్న మాట లేకుండా తన ఉద్యోగం గురించి ఎప్పుడూ చెప్పడు.

"నీకు రిటర్నేమిటే?" అన్నాడాయన. "రిటర్ను జీతగాళ్ళు వేస్తారు. ఆఫీసు వాళ్ళు కాగితం ఇస్తారు, సంతకం పెడతాం, అయిపోతుంది. నీకెవరిస్తారు? అయినా మీ ఏజెన్సీ వాళ్ళు పన్ను ముందే కోసుకుంటున్నారుగా. కోసిన తర్వాత మళ్ళీ చెప్పడమెందుకు? నీదొక ఆదాయమా, కూరగాయల ఖర్చు!"

"పోయినేడు ఈ ఇంట్లో పైపులు మార్పించింది ఆ కూరగాయలేనండీ. మీరేమో నీటి సరఫరా ఆఫీసు."

ఆయన నీళ్ళు నమిలాడు. ఎడమచెవి వినబడని అత్తగారు కుడిచెవి ఇటు తిప్పింది.

"ఆదాయమా? అదేమిట్రా, ఫ్రీలాన్సు అంటే ఫ్రీగా చేస్తుందని కదా నువ్వు చెప్పావు?"

"నేనలా అనలేదమ్మా."

"అన్నావు. పదకొండేళ్ళ నుంచీ అందరితో అదే చెబుతున్నాను. మా కోడలు మంచిది, బీరువాలో కూర్చుని జనానికి ఊరికే సేవ చేస్తుందని. ఆలయాల్లో కూడా అలాంటి వాళ్ళుండరని."

"ఊరికే ఎవరు చేస్తారత్తయ్యా?"

"అదే కదా నా అనుమానం!" అంది అత్తగారు.

అసలు వేయాలా, అక్కర్లేదా? వీధిలో తలా ఒక మాట చెప్పారు. దర్జీ ఏమో, "మనలాంటి వాళ్ళు గవర్నమెంటు కళ్ళబడకపోవడమే మంచిదక్కా," అన్నాడు. మందుల దుకాణం ఆయన, "ఒకసారి వేస్తే చచ్చేదాకా వేస్తూనే ఉండాలి," అని భయపెట్టాడు. చచ్చేదాకా పని చేయవలసిన వాళ్ళకు అది పెద్ద భయం కాదని ఆయనకు తోచలేదు. చివరికి గురువారం పొద్దున దయచేసక్క పన్నుల ఆఫీసు సహాయ కేంద్రానికే ఫోన్ చేసి, అత్తగారికి కూడా వినబడేలా స్పీకరు పెట్టింది.

"పన్నుల కార్యాలయ సహాయ కేంద్రానికి స్వాగతం," అంది ఫోను.

దయచేసక్క గతుక్కుమంది.

"ఎవరే ఆ పిల్ల? ముక్కుతో మాట్లాడుతోంది," అంది అత్తగారు.

"నేనే అత్తయ్యా. ఆ రోజు జలుబు చేసింది."

"నువ్విక్కడ కూర్చున్నావుగా?"

"అది రెండేళ్ళ కిందటి నేను."

"మంచిదేగా, మరి అడుగు. నీకు నువ్వు చెప్పుకోవూ?"

చెప్పుకోలేదు. జీతం పొందేవారు ఒకటి నొక్కాలి, పింఛనుదారులు రెండు, వ్యాపార సంస్థలు మూడు, ఇతరులు తొమ్మిది. నాలుగు నుంచి ఎనిమిది దాకా ఎవరికి కేటాయించారో ఆ చదివిన మనిషికే తెలియదు. తొమ్మిది నొక్కింది. "క్షమించండి, మీరు ఎంచుకున్నది సరికాదు," అంది తన గొంతే, మహా మర్యాదగా. మళ్ళీ నొక్కింది. "దయచేసి లైన్‌లో ఉండండి. మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం."

పది నిమిషాలు గడిచాయి. ప్రతి నలభై సెకన్లకూ తన కాల్ తనకు ఎంతో ముఖ్యమని తనే చెబుతోంది.

"ఎంత పొగరే దీనికి!" అంది అత్తగారు. "ఒక్క ముక్క చెప్పదు, పెట్టెయ్యనూ పెట్టెయ్యదు. పెద్దదాన్ని ఎంతసేపు కూర్చోబెడుతుంది?"

"దాన్నేమీ అనకండి అత్తయ్యా. దానికి రాసిచ్చింది చదువుతుంది."

"రాసిచ్చిన వాడిని పిలవమను!"

ఇరవై మూడో నిమిషంలో గొంతు మారకుండా మాట మారింది. "సొంతంగా పని చేసి ఆదాయం పొందేవారు, ఆ ఆదాయం నిర్ణీత మొత్తాన్ని దాటిన పక్షంలో, పన్ను ముందుగానే మినహాయించబడినా, కట్టవలసిన పన్ను ఏమీ లేకపోయినా, తప్పనిసరిగా రిటర్ను దాఖలు చేయవలెను."

దయచేసక్క ఫోను దగ్గరికి లాక్కుంది. ఈ వాక్యం తను చదివింది. 'మినహాయించబడినా' దగ్గర తుమ్ము వచ్చి నాలుగుసార్లు చదివింది కూడా. నాలుగుసార్లూ బీరువాలో చెమటలు కక్కుతూ, ఎక్కడ ఊపిరి తీసుకోవాలా అని చూసుకుంది తప్ప, ఆ చెప్పేది తనకేనని ఒక్కసారీ తట్టలేదు. ఊరందరికీ చెప్పింది, తనే వినలేదు. ఇక నిర్ణీత మొత్తం ఎంతో వెతికి చూస్తే, ఆ గీత ఆమె ప్రతి ఏడూ మూడో నెలలోనే దాటేస్తోంది.

"అంటే వేయాల్సిందేనా?" అంది అత్తగారు.

"వేయాల్సిందే. నేనే చెప్పానుగా."

ఫారం ఆ మధ్యాహ్నమే నింపింది. అడుగున 'తప్పుడు సమాచారం ఇచ్చినవారు శిక్షార్హులు' అని ఉంది. దయచేసక్క చట్టానికి భయపడే మనిషి. అందుకని వృత్తి జరిగే స్థలం అన్న చోట ఉన్నది ఉన్నట్టు 'బీరువా' అని రాసింది. వృత్తికి అయిన ఖర్చులు అన్న చోట స్పాంజి, పాత దుప్పట్లు నాలుగు, ముక్కాలి పీట ఒకటి అని రాసింది. మైకు ఏజెన్సీది. చేసే పని అన్న చోట బాగా ఆలోచించి 'గొంతు' అని ఒక్క మాట రాసింది. అది మాత్రం సిరా అలుక్కుపోయింది.

శుక్రవారం కాగితాలు ఆఫీసు పెట్టెలో వేసి వచ్చింది. శనివారం పదకొండింటికి రసీదు ఇస్తామన్నారు. పెద్దవాళ్ళుంటే వరసలో ముందు పిలుస్తారని అత్తగారు తనూ బయల్దేరింది. ఎవరూ పిలవలేదు. హాలులో ఇనప కుర్చీలు, గోడకు తెరిచిన మూడు కౌంటర్లు, వాటికంటే ఎక్కువగా తాళం వేసిన కౌంటర్లు. రెండున్నరకు వంతు వచ్చింది. నుదుటి మీదికి కళ్ళజోడు తోసుకున్న గుమాస్తా రసీదు ఇచ్చాడు. దయచేసక్క చదువుకుంది.

వృత్తి: చెక్క సామాను, పరుపులు, చిల్లర వ్యాపారం.

"ఇది నాది కాదండీ."

గుమాస్తా కళ్ళజోడు కిందికి దించాడు. "పేరు మీదేగా? బీరువా అని మీరే రాశారు. స్పాంజి ఉంది. దుప్పట్లున్నాయి. పీట ఉంది. ఇంకేం వ్యాపారమమ్మా ఇది?"

"నేను బీరువాలు అమ్మను. బీరువాలో కూర్చుంటాను."

"కూర్చుని?"

"మాట్లాడతాను."

గుమాస్తా పక్క కౌంటరు వైపు సాయం కోసం చూశాడు. పక్క కౌంటరు టీ తాగడానికి వెళ్ళింది.

"ఎవరితో మాట్లాడతారు?" అన్నాడు జాగ్రత్తగా.

"అందరితోనూ."

"మా కోడలికి ఏ రోగమూ లేదు నాయనా," అంది అత్తగారు. "నువ్వు అలా చూడకు."

గుమాస్తా తెర మీద వృత్తుల జాబితా పైకీ కిందికీ తిప్పాడు. గాయని ఉంది, ఆమె పాడదు. ఉపన్యాసకురాలు ఉంది, అయితే శ్రోతలు ఎదురుగా ఉండాలట. చిలుక జోస్యం కూడా ఉంది. గొంతు లేదు. "మీరు చేసే పనికి మా దగ్గర పేరు లేదమ్మా. పేరు లేని పని చేస్తే మేమేం చేస్తాం? పోనీ గృహిణి అని పెట్టనా? సుఖంగా ఉంటుంది."

దయచేసక్క తల అడ్డంగా ఊపింది. గోడ గడియారం రెండూ ముప్పై ఎనిమిది చూపిస్తోంది. ట్యూషన్ మాస్టారు నల్లబల్ల కళ్ళ ముందు కదిలింది. సరిగ్గా అప్పుడే పైన గోడకున్న పెట్టె, "టోకెన్ నంబరు డెబ్బై రెండు, దయచేసి మూడవ కౌంటరుకు రండి," అని పిలిచింది.

ఆమె తల ఎత్తి చూసింది. తర్వాత గొంతు సవరించుకుని, గుమాస్తా కళ్ళలోకి చూస్తూ, అదే ఎత్తులో, అదే తీపిలో, "టోకెన్ నంబరు డెబ్బై రెండు, దయచేసి మూడవ కౌంటరుకు రండి," అంది.

డెబ్బై రెండో టోకెన్ మనిషి అటూ ఇటూ రెండుసార్లు తిరిగాడు. గుమాస్తా కళ్ళజోడు ముక్కు కొసకు జారింది.

"ఆ పెట్టె... మీరేనా?"

"పెట్టె నేనే, మీ ఫోనూ నేనే. మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. వెనక ఇనప కుర్చీలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి.

"ఓహో, నువ్వేనామ్మా!" అన్నాడు సరుకుల ఆటో నడిపే ఒకాయన లేచి. "మా ఆవిడకు నొప్పులొస్తున్నాయని ఆసుపత్రికి ఫోన్ చేస్తే నలభై నిమిషాలు లైన్‌లో ఉండమన్నావు! పాప ఆటోలోనే పుట్టింది!"

"బ్యాంకు కార్డు పోయిందంటే, కార్డు మీది నంబరు నొక్కమంటావా?" అంది బ్యాగు పట్టుకున్న ఒక ట్యూషన్ టీచరమ్మ. "పోయిన కార్డు మీద నంబరెక్కడ చూడనక్కా?"

"లిఫ్టులో ఇరుక్కుంటే 'మీ ప్రయాణం సుఖంగా సాగుగాక' అన్నది ఈవిడే!"

దయచేసక్కను నలువైపులా చుట్టుముట్టారు. కంపెనీల మీద, ఆసుపత్రుల మీద, బ్యాంకుల మీద ఏళ్ళ తరబడి పేరుకున్న కోపానికి ఒక మనిషి ముఖం దొరికింది. అంతకుముందు దొరికింది గొంతు ఒక్కటే. ఆ గొంతును జనం ముందు నిలబెట్టి, తాము వెనక తలుపు వేసుకుని కూర్చున్న పెద్దమనుషులెవరూ ఆ హాలులో లేరు. వాళ్ళకు టోకెన్లతో పని ఉండదు.

"ఆగండర్రా!" అంది అత్తగారు. ఆమె గొంతుకు మైకు అక్కర్లేదు. "నిన్నటిదాకా నేనూ తిట్టాను దీన్ని. ఇది ఆపిందా మీ ఫోన్లు? ఆపినవాడు వేరే ఉన్నాడు. వాడు మనుషుల్ని పెట్టక, దీని చేత 'ఉండండి ఉండండి' అనిపిస్తున్నాడు. దమ్ముంటే వాడిని అడగండి. ఇది బీరువాలో ఊపిరాడక చస్తోంది!"

ఆటో ఆయన తగ్గాడు. "అవునులే పెద్దమ్మా. మా దగ్గరా అంతే. సరుకు ఆలస్యమైతే కంపెనీని ఎవడూ తిట్టడు, నన్నే తిడతారు." తన ఫారం తీసి ఆమెకు చూపించాడు. "నాకేం రాయాలో తెలీక పని అన్న చోట 'ఆటో' అని రాశాను. వీళ్ళు నన్ను ఆటోలు అమ్మేవాడిని చేశారు. పదహారు లక్షల సరుకు ఎక్కడ దాచావని నోటీసు కూడా పంపారు."

టీచరమ్మ కిసుక్కున నవ్వింది. తర్వాత తన రసీదు విప్పి చూసుకుని నవ్వు ఆపేసింది. ఆమె పిల్లలకు లెక్కలు చెప్పే చోటు భోజనాల బల్ల. ఆమెను హోటలు చేశారు.

ఒక్కొక్కరూ కౌంటరు ముందుకు వచ్చారు. గుమాస్తా మనిషి చెడ్డవాడు కాదు. చుట్టూ చూసి, తాళం వేసి ఉన్న కౌంటర్లను చూసి, నిట్టూర్చాడు. "జాబితాలో అడుగున ఒక గడి ఉందమ్మా. 'స్వయం ఉపాధి, వివరించండి' అని. అది తెరిస్తే ఒక్కొక్కరికీ పావుగంట పడుతుందని పైవాళ్ళు తెరవొద్దన్నారు."

"తెరవండి," అంది దయచేసక్క. ఈసారి 'దయచేసి' అనలేదు.

తెరిచాడు. ఆమె నిదానంగా, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చూసుకోకుండా చెప్పింది. ఆయన రెండు వేళ్ళతో కొట్టుకున్నాడు. వృత్తి: స్వయం ఉపాధి, గొంతుతో ప్రకటనలు చదివి రికార్డు చేయుట. ఆమె రసీదు అచ్చవుతుండగా అత్తగారు కౌంటరు మీదికి వంగింది.

"నాయనా, వెనకటివి కూడా వేయొచ్చా?"

"ఏవి పెద్దమ్మా?"

"ముప్ఫై ఏళ్ళు మిషను కుట్టాను ఇంట్లో. జనాభా లెక్కలకు ఎవరొచ్చి రాసుకున్నా పని దగ్గర 'ఏమీ లేదు' అనే రాసుకుపోయారు. మా ఆయన చెప్పినట్టు నేనూ అదే చెప్పాను. అబద్ధం చెబితే శిక్ష అని ఉందిగా, దిద్దుకుందామని."

గుమాస్తా కీబోర్డు మీద చేతులు పెట్టాడు, తీశాడు. "అంత పాతవి తీసుకోదు పెద్దమ్మా, కంప్యూటరు."

"తీసుకోదులే," అంది అత్తగారు. "అడిగి చూశాను." ఇంటికి వెళ్ళేదాకా దయచేసక్క ఆమె చెయ్యి పట్టుకునే నడిచింది.

మేడ మెట్లు ఎక్కేసరికి ఐదుకు ఇంకా ఏడు నిమిషాలు ఉంది. కబురు విని భర్త కూడా ఆఫీసు చొక్కాతోనే వచ్చేశాడు. ట్యూషన్ మాస్టారు అప్పటికే బల్ల దగ్గర కూర్చుని కలం మూత తీసి పెట్టుకున్నాడు. హెడ్‌మిస్ట్రెస్ రసీదు అందుకుని పరీక్ష పేపరు దిద్దినట్టు పైనుంచి కింద దాకా చదివింది. ఎర్ర కలంతో ఒక చోట కామా పెట్టింది.

"కట్టవలసిన పన్ను సున్నా అని ఉందే?"

"పన్నే సున్నా మేడమ్. పని సున్నా కాదు. పైన చూడండి."

పైన చూసింది. చాలాసేపు చూసింది. "గ్యాస్ కంపెనీకి ఫోన్ చేస్తే 'మీ సిలిండరు దారిలో ఉంది' అంటుంది, అదెవరు?"

"నేనే మేడమ్."

"దారిలో ఉందని చెప్పి తొమ్మిది రోజులైంది."

"సిలిండరు సంగతి వాళ్ళు నాకు చెప్పరు మేడమ్. చదవమని ఇస్తారు."

హెడ్‌మిస్ట్రెస్ పెదవులు బిగించింది. లోపల్లోపల నవ్విందని ఆమె దగ్గర చదువుకున్న వాళ్ళెవరైనా ఉంటే చెప్పేవారు. ట్యూషన్ మాస్టారు వైపు తిరిగి, "మీకు కింద షెడ్డు చూపిస్తాను మాస్టారూ. పిల్లలు అరవడానికి అదే మేలు," అంది. మాస్టారు కలం మూత పెట్టేసుకున్నాడు.

అద్దె ఒప్పందం బల్ల మీదికి వచ్చింది. హెడ్‌మిస్ట్రెస్ ఇంకా కళ్ళజోడు తుడుచుకుంటుండగానే భర్తగారు కాగితాన్ని అలవాటుగా తనవైపు లాక్కుని, అద్దెదారు అన్న చోట పొడుగ్గా సంతకం చేసేసి, కింద తేదీ కూడా వేశాడు.

"ఏమిటండీ అది?" అంది దయచేసక్క.

"సంతకం."

"ఎవరి గదికి?"

ఆయన కాగితం వంక, పెళ్ళాం వంక, తల్లి వంక చూశాడు. తల్లి వినబడని చెవి ఇటు తిప్పుకుంది. హెడ్‌మిస్ట్రెస్ ఆ కాగితాన్ని నిలువునా నాలుగు ముక్కలు చేసి, సొరుగులోంచి కొత్తది తీసి దయచేసక్క ముందు పెట్టింది. ఆమె తన అసలు పేరు పూర్తిగా రాసింది. వృత్తి దగ్గర రసీదులో ఉన్నదంతా ఒక్క అక్షరం తగ్గించకుండా రాసింది. గడి చాలక పక్క అంచు మీదికి కూడా వెళ్ళింది.

"సాక్షి కావాలి," అంది హెడ్‌మిస్ట్రెస్. "మీరు పెట్టండి."

భర్తగారు కలం తీసుకుని సాక్షి గడిలో పేరు రాశాడు. దాని కిందా పక్కనా వెతికాడు. కాగితం తిప్పి వెనక కూడా చూశాడు.

"సీనియర్ గుమాస్తా అని రాయడానికి చోటు లేదేమిటండీ?"

"సాక్షి ఏం చేస్తాడో ఎవరూ అడగరు," అంది హెడ్‌మిస్ట్రెస్. "సంతకం పెట్టండి చాలు."